మేజరు కొలతలు

1959 సెప్టెంబరు 3, గురువారం

ఈ డైరీ అభ్రకం కంపెనీ మేనేజరు పద్మనాభయ్య గారు ఇచ్చింది. కొలతలు రాసుకోవడానికి పనికొస్తుందన్నారు. ఏడాదిలో ఎనిమిది నెలలు అయిపోయాక ఇచ్చిన డైరీ కాబట్టి ముందు కాగితాలన్నీ తెల్లగా ఉన్నాయి. వాటి జోలికి పోను. గడిచిపోయిన తేదీల కింద ఏం రాస్తాం?

పని సంగతి. కంపెనీకి కాపలాగా మద్రాసు నుంచి తెప్పించిన పెద్ద జాతి కుక్క ఒకటుంది. పేరు మేజరు. పగలంతా గిడ్డంగి ముందు బారుగా కట్టిన ఇనుప తీగకు గొలుసుతో తగిలించి ఉంచుతారు. ఆ తీగ పొడుగునా అటూ ఇటూ తిరుగుతుంటుంది. దీనికి ముందున్న కుక్క మెడపట్టీతోనే గోడ దూకబోయి ఉరిపడి చచ్చిందట. అందుకని దీనికి మెడ మీద భారం పడకుండా, గుర్రానికి కుట్టినట్టు ఎదకూ పొట్టకూ పట్టే తోలు సామాను కుట్టిమ్మన్నారు. మనుబోలులో గుర్రపు సామాను కుట్టేవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. బస్సులొచ్చి జట్కాలు మూడుకు దిగాయి. పని అనగానే తల ఊపేశాను. ఊపిన తర్వాత గుర్తొచ్చింది, అది కుక్క అని.

మా మతంలో కుక్కను తాకకూడదండీ, కొలతలు ఇంకెవరైనా తీసి పంపాలి అన్నాను. ఆయన మంచివాడు. మీ ఆచారం మీది, మా కాపలా గంగులయ్య చేత దారంతో తీయిస్తానన్నారు. ఇదంతా గేటు బయట నిలబడే మాట్లాడాను.

సెప్టెంబరు 6, ఆదివారం

కొలతలు వచ్చాయి. మూడు దారాలు, ఒక్కోదానికి ఒక్కో ముడి. ఒకటి మెడకు, ఒకటి ఎదకు, ఒకటి పొట్టకు. మా అక్క కొంగున కట్టుకుని తెచ్చింది. అక్క, అంటే మెహబూబున్నీసా, నాకంటే మూడేళ్ళు పెద్ద. బావ పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటూ ఆ కంపెనీ షెడ్డులో అభ్రకం రేకలు చీల్చే పనికి పోతోంది.

"కుక్కను ముట్టుకుంటే నాపాకు అయిపోతావా? శుక్రవారం తప్ప మసీదు మొహం చూడనోడివి, నీకెప్పటి నుంచి వచ్చినాయిరా ఈ ఆచారాలు?" అంది.

నా భార్య బీజాన్ నవ్వింది. వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం అరుదు. అక్క పగలు వీధి తలుపుకు గడియ పెట్టనివ్వదు, మేక లోపలికొచ్చి నూకలు తినిపోతుందని బీజాన్ గొడవ. ఇరవయ్యేళ్ళుగా అదే గొడవ.

నాకు కుక్కలంటే ఎందుకు పడదో అక్కకు సగం తెలుసు. మిగతా సగం రాయను.

సెప్టెంబరు 13, ఆదివారం

తోలు బాగా కుదిరింది. తంగేడు చెక్క నీళ్ళలో ఊరిన వెన్ను తోలు. పొట్ట తోలు సాగుతుంది, అది చెప్పులకు తప్ప ఇలాంటి వాటికి పనికిరాదు. బకిల్సులు, వెనక గొలుసు తగిలించే ఉంగరం అసలు ఇత్తడివి, బిట్రగుంట రైల్వే కాలనీ దగ్గర పాత సామాన్లమ్మే వాడి దగ్గర ఏరి తెచ్చాను. ఇనుము పెడితే సముద్రపు గాలికి తుప్పు పట్టి తోలును కూడా తినేస్తుంది. దారానికి మైనం పూసి, రెండు సూదులతో, ఆరెతో పొడిచిన ఒక్కో కంతలోంచి రెండు వైపులా లాగి కుట్టాను. ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది.

మా నాయన ఉంటే చేత్తో తడిమి చూసి ఊఁ అనేవాడు. ఆయన మెచ్చుకోలు అంతే.

సెప్టెంబరు 18, శుక్రవారం

తొడిగి చూడకుండా ఏ సామానూ ఇవ్వను. ఇది నా పద్ధతి. కుక్కకు తొడగలేను కాబట్టి మా మేకకు తొడిగాను. గంగులయ్య ముడులకు మేక కొలతలకు పెద్ద తేడా లేదు. ఎద దగ్గర చక్కగా కూర్చుంది. రెండు వేళ్ళు దూరేంత సందు, గుర్రానికి వదిలినట్టే. మేకను ముందుకు అదిలించి గొలుసు పట్టి చూశాను. ఎంత గుంజినా పట్టీ కదల్లేదు.

అప్పుడే గూడూరు బస్సు మలుపు దగ్గర హారను కొట్టింది. మేక బెదిరి తల కిందికి వంచి వెనక్కి గుంజుకుంది. ఒక్క గుంజు. మొత్తం సామాను ముందుకాళ్ళ మీదుగా, తల మీదుగా జారి నా చేతికొచ్చింది. మేక పెరట్లోకి పోయింది.

బకిల్సులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

మేక వేరు, కుక్క వేరు. కుక్కకు ఎద లోతుగా ఉంటుంది. దాన్నుంచి అలా జారదు.

సెప్టెంబరు 20, ఆదివారం

ఇచ్చేశాను. గేటు బయట నిలబడ్డాను, గంగులయ్య లోపల తొడిగాడు. ఒకసారి మొరిగింది. గేటుకు ఇంకొంచెం దూరంగా జరిగాను.

గంగులయ్య తృప్తిగా బయటికొచ్చి, శక్తంతా పెట్టి ముందుకు లాగిందన్నా, ఇసుమంత కూడా కదల్లేదు అన్నాడు. పద్మనాభయ్య గారు కుట్టు చూసి ఇలాంటి పని మద్రాసులో కూడా లేదన్నారు.

వెనక్కి లాగిందా అని అడగాలనుకున్నాను. అడగలేదు.

సెప్టెంబరు 21, సోమవారం

మేక వేరు.

సెప్టెంబరు 29, మంగళవారం

అన్నం తింటూ అక్క చెప్పింది. మేజరు తీగ ఒక కొస గిడ్డంగి దగ్గర, రెండో కొస వీళ్ళ షెడ్డు తలుపు పక్కన. అక్క కూర్చునేది ఆ తలుపు దగ్గరే, అక్కడ వెలుతురు ఎక్కువని. మధ్యాహ్నం ఎండకు మేజరు షెడ్డు నీడలోకొచ్చి పడుకుంటుందట. చాపకు చాపెడు దూరం.

చెయ్యి కడుక్కుని లేచాను. ఏమైందని బీజాన్ అడిగింది. పచ్చడి కారంగా ఉందన్నాను.

అక్టోబరు 5, సోమవారం

ఇవాళ జట్కా స్టాండులో ఒక గుర్రానికి పట్టీ బిగిస్తూ కూర్చుని ఎదురుగా దాన్నే చూస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా నేను కుట్టిందంతా ముందుకు లాగే జంతువులకు. బండి వెనకుంటుంది, గుర్రం ముందుకు పోతుంది, బరువంతా ఎదపట్టీ మీద పడుతుంది. మా నాయన నేర్పింది అదే, నేను నేర్చింది అదే. కుక్క వెనక బండి లేదు. కోపమొస్తే ముందుకు దూకుతుంది, ఆ దూకుడుకు నా పట్టీ ఆగుతుంది. భయమేస్తే వెనక్కి గుంజుకుంటుంది.

వెనక్కి గుంజుకుంటే ఏదీ ఆపదు. అప్పుడది బెదిరిన కుక్క, గొలుసు లేని కుక్క, అక్క చాప పక్కనున్న కుక్క.

చెప్పాలి. రేపు పోయి చెబుతాను.

అక్టోబరు 6

పోలేదు. వాన.

అక్టోబరు 7

వాన లేదు.

అక్టోబరు 9, శుక్రవారం

గేటు దాకా వెళ్ళాను. మేజరు తీగ అవతలి కొసన పడుకుని ఉంది. నన్ను చూసి లేవలేదు, చెవులు మాత్రం లేపింది. లోపలికెళ్ళి మేనేజరు గారితో సామాను బాగా లేదని చెబితే, అయితే సరిచెయ్యి సాయబూ, కుక్క అక్కడే ఉంది అంటారు. అప్పుడు ఏం చెప్పను?

జుమ్మాకు ఒళ్ళు కడుక్కుని బయల్దేరానని గుర్తొచ్చింది. మళ్ళీ అంతా కడుక్కోవాల్సి వస్తుందని వెనక్కి తిరిగాను.

ఇది నిజం కాదు. మసీదుకు కూడా పోలేదు.

అక్టోబరు 12, సోమవారం

ఇవాళ గంగులయ్య టీ అంగట్లో కనబడ్డాడు. మంచి మనిషి, మనిషికి తగ్గ పొట్ట. కొలతలు మరోసారి తీసివ్వమని అడిగాను, మేజరు లేచి నిలబడ్డప్పుడు, తిండి పెట్టకముందు తీయమన్నాను. అతను నవ్వాడు. మొదటిసారి అది తిని పడుకుని ఉంటే తీశాడట.

"నేను తల పట్టుకుంటా గానీ కొలత నువ్వే తియ్యన్నా. యాడ బిగించాలో యాడ వదలాలో నాకేం తెలుసు? అది నీ చెయ్యి చేసే పని" అన్నాడు.

నిజమే. నా చెయ్యి చేసే పనే.

అక్టోబరు 16, శుక్రవారం

దీపావళి ఈ నెల ముప్పై ఒకటి. ముందురోజు సాయంత్రం కంపెనీలో కూలీలందరికీ మిఠాయి పంచి, షెడ్డు ముందు ఔట్లు, టపాకాయలు కాల్పించడం మేనేజరు గారికి ఏటేటా అలవాటు. ఆడవాళ్ళంతా అక్కడే ఉంటారు. మేజరు తీగ మీదే ఉంటుంది. పోయినేడు మేజరు లేదు.

బస్సు హారనుకే మేక జారిపోయింది.

ఆ రోజు పనికి పోవద్దని అక్కతో అన్నాను. ఎందుకంది. బీజాన్‌కు నలతగా ఉంది, ఇంట్లో ఉండమన్నాను. బీజాన్ పొయ్యి దగ్గర నుంచి నాకేం నలత లేదే అంది. ఇద్దరూ నా మొహంలోకి చూశారు.

అక్టోబరు 22, గురువారం

ఉపాయం దొరికింది. సామాను మార్చక్కర్లేదు. ఎదపట్టీకీ పొట్టపట్టీకీ మధ్య, ముందుకాళ్ళ సందులోంచి పోయేటట్టు ఇంకొక పట్టీ. అది ఉంటే వెనక్కి గుంజినా సామాను పైకి రాదు. జానెడున్నర పొడుగు, అటొక బకిల్సు, ఇటొక బకిల్సు. ఒక పూటలో కుట్టేశాను. ఇంత చిన్న పని. నెల రోజులుగా నిద్ర లేకుండా చేసింది ఇంత చిన్న ముక్క.

తొడగాలంటే కుక్క ముందు కూర్చుని, దాని నోటి కింద నుంచి చెయ్యి పెట్టి, కాళ్ళ మధ్య నుంచి అవతలికి తీసి బిగించాలి.

అక్టోబరు 25, ఆదివారం

పట్టీ గూట్లో పెట్టాను.

అక్టోబరు 29, గురువారం

అక్కకు చెప్పాను. మేక సంగతి, హారను సంగతి, టపాకాయల సంగతి, అంతా. తిట్టలేదు. పట్టీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. అక్క గోళ్ళ సందుల్లో అభ్రకం పొడి మెరుస్తోంది. గంగులయ్యకిచ్చి రేపు పొద్దున్నే కట్టిస్తాలే, దీనికి నెల రోజులు కుమిలినావా అంది. అన్నం మూటతో పాటు ఆ పట్టీ కూడా సంచిలో పెట్టుకుంది.

ఇవాళ నిద్ర పడుతుంది.

అక్టోబరు 30, శుక్రవారం

అక్కను కరిచింది.

అక్టోబరు 31, శనివారం

ఊరంతా దీపావళి. ప్రతి టపాకాయకూ అక్షరాలు వంకరపోతున్నాయి. నిన్నటిది రాయాలి.

పొద్దున పదింటికి షెడ్డు నుంచి కబురొచ్చింది. గంగులయ్య పండక్కి అత్తగారి ఊరు పోయాడు. నువ్వే రా, నేను తల పట్టుకుంటా, మూడింటికల్లా రా అని అక్క కబురు. వస్తానన్నాను. జుమ్మాకు వెళ్ళాను. నమాజు అయిపోయింది. అందరూ లేచి వెళ్ళారు. నేను దువా చేస్తూ కూర్చున్నాను. ఏం అడిగానో గుర్తులేదు. గోడ గడియారం మూడు కొట్టింది. ఇంకొంచెం సేపు కూర్చున్నాను. మసీదులో కూర్చున్నవాణ్ణి ఎవరూ లేపరు.

నేను రాకపోయేసరికి అక్క తనే కట్టబోయింది. మేజరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని నోటి కింద నుంచి చెయ్యి పెట్టింది. మేజరు ఊరికే నిలబడిందట, అక్కంటే దానికి చనువే. ఎదపట్టీ బకిల్సు పెట్టేసింది. చెయ్యి అవతలికి పోనిస్తుండగా ఎవరో ఆగలేక ముందుగానే ఒక ఔటు అంటించారు. మేజరు బెదిరి దొరికిందాన్ని పట్టుకుంది. దొరికింది అక్క మణికట్టు. వెంటనే వదిలేసి వెనక్కి గుంజుకుంది. సామాను తీగకే ఉండిపోయింది, కుక్క గేటు దాటి పోయింది.

నేను వెళ్ళేసరికి నాలుగు దాటింది. అక్క చెయ్యి కొంగుతో చుట్టుకుని షెడ్డు అరుగు మీద కూర్చుని ఉంది. తీగకు నా సామాను ఖాళీగా వేలాడుతోంది. ఒక్క కుట్టు తెగలేదు. పద్మనాభయ్య గారు అది చేతిలోకి తీసుకుని, నీ పనిలో తప్పు లేదు సాయబూ, చూడు ఎక్కడా తెగలేదు అన్నారు. నేను ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాను. ఆయన అక్క కోసం అనుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరు గారు కడిగి కట్టు కట్టి, కుక్క ఏదని అడిగారు. పారిపోయిందన్నాం. పొట్టలో పొడిచే ఇంజక్షన్లు పద్నాలుగు, ఇవాళే మొదలుపెడదాం, కుక్క దొరికి పది రోజులు బాగుంటే ఆపేద్దాం అన్నారు. దొరక్కపోతేనో అంటే, పద్నాలుగూ వేసి దేవుడి మీద భారం వేద్దాం అన్నారు.

కుక్క నీళ్ళు తాగుతోందేమో చూడాలి. నీళ్ళంటే భయపడిందంటే మాత్రం ఇక అంతే.

ఆ భయం నేను ఒకసారి చూశాను.

నవంబరు 1, ఆదివారం

దొరికింది. ముందు ఆ మాట.

గంగులయ్య పొద్దున్నే వచ్చాడు, విషయం తెలిసి ముఖం పాలిపోయింది. కంపెనీ వాళ్ళు ఒక మనిషికి తుపాకీ ఇచ్చి పంపారు, ఎక్కడ కనబడితే అక్కడ కాల్చెయ్యమని. చంపేస్తే అది మంచిదో పిచ్చిదో ఎలా తెలుస్తుంది? పద్మనాభయ్య గారి దగ్గరికి పోయి చేతులు జోడించాను. పది రోజులు నాకివ్వండి, నా పెరట్లో కట్టేసుకుంటాను, తర్వాత మీ ఇష్టం అన్నాను. ఆ మనిషి కంటే ముందు నువ్వు దొరకబుచ్చుకో అన్నారు.

నేను, గంగులయ్య రైలు కట్ట వెంబడి నడిచాం. నా భుజాన సామాను, దాన్నుంచి విప్పిన ఆ నడిమి పట్టీ జేబులో. కట్ట కింద తూము ఒకటుంది, వాననీళ్ళు పోయేది. గంగులయ్య వంగి చూసి, ఉండాదన్నా అన్నాడు. పిలిచాడు. మూలిగింది గానీ రాలేదు. నిన్న రాత్రంతా ఊరు పేలింది, అది ఎలా వస్తుంది? గంగులయ్య తూములో దూరబోయి పొట్ట అడ్డం వచ్చి ఆగిపోయాడు. పొలం గట్టు మీద తుపాకీ మనిషి వస్తున్నాడు.

"నేను అవతలి కొసన ఉంటా. ఇంక నువ్వే పోవాలన్నా" అన్నాడు.

లోపల పాదం మునిగే నీళ్ళు. మోకాళ్ళ మీద పాకాను. రెండు కళ్ళు మెరిశాయి. అక్కడ ఆగిపోయాను. ఎంతసేపు ఆగానో తెలియదు. కలిమా కూడా నోటికి రాలేదు. చెయ్యి చాచాను, చెయ్యి వెనక్కొచ్చింది. మళ్ళీ చాచాను. ముక్కు తగిలింది. చల్లగా ఉంది. కరుస్తుందని కళ్ళు మూసుకున్నాను. అది నా చెయ్యి వాసన చూసి, నాకింది. నా చేతిలో తోలు వాసన ఉంటుంది, నెలన్నరగా దాని ఒంటి మీదున్న వాసన.

చీకట్లో తడిమి తొడిగాను. ఎద ఎక్కడుందో, మోచేయి ఎక్కడ మొదలవుతుందో, పొట్ట ఎక్కడ సన్నబడుతుందో అన్నీ నా అరచేతికి తెలిశాయి. గంగులయ్య ముడులు ఎంత తప్పో కూడా. కాళ్ళ సందులోంచి చెయ్యి పోనిస్తే దాని గుండె తగిలింది. తూము తూమంతా వినబడేటట్టు కొట్టుకుంటోంది. ఇంత భయం నా ఒక్కడికే ఉంటుందనుకున్నాను.

బయటికొచ్చేసరికి తుపాకీ మనిషి అక్కడున్నాడు. గొలుసు నా చేతిలో ఉండడం చూసి తుపాకీ దించాడు.

నవంబరు 2, సోమవారం

పెరట్లో వేపచెట్టుకు కట్టాను. మేకను పక్కింటికి పంపాం. బీజాన్ గడప దాటి రావడం లేదు. డాక్టరు గారి లెక్కకు ఇవాళ మూడో రోజు. తాగింది.

నవంబరు 3

తాగింది. అక్కకు ఐదో ఇంజక్షను. నడుం వంచుకుని నడుస్తోంది. నొప్పేంలేదంటుంది.

నవంబరు 4, బుధవారం

తాగలేదు.

పొద్దున పెట్టిన నీళ్ళు సాయంత్రానికీ అలాగే ఉన్నాయి. దగ్గరికొస్తుంది, మూతి పెట్టబోతుంది, తల తిప్పేసుకుంటుంది. మూడుసార్లు చూశాను. నాలుగోసారి చూడలేక లోపలికొచ్చాను. అక్క అడిగింది, తాగిందా అని. తాగిందన్నాను.

జనవరి 11, ఆదివారం

(రాస్తున్నది నవంబరు 4 సాయంత్రం. ఇది గడిచిపోయిన తేదీ కిందే ఉండాలి.)

నాకు తొమ్మిదేళ్ళు. తమ్ముడు రహ్మాన్‌కు ఆరు. అక్కకు పన్నెండు. మా నాయన బాగుచెయ్యడానికి తెచ్చిన జట్కా ఒకటి గుర్రం లేకుండా ఇంటిముందు నిలబెట్టి ఉంది. నేనూ రహ్మానూ దాని దగ్గర ఆడుకుంటున్నాం. వీధి మలుపులోంచి కుక్క వచ్చింది. నోటినుంచి చొంగ తీగలు సాగుతున్నాయి. నేను బండి ఎక్కేశాను. రహ్మాన్ కాళ్ళు పొట్టి, అందలేదు. చెయ్యి పైకి చాపాడు. అన్నా అన్నాడు. నేను కాళ్ళు రెండూ, చేతులు రెండూ పైకి లాక్కుని ఎదకు అదుముకున్నాను. చెయ్యి ఇవ్వలేదు. ఇంత దూరంలోనే ఉంది ఆ చెయ్యి.

నేను పెరట్లో ఉన్నానని మా నాయనకు చెప్పాను. అందరికీ అదే చెప్పాను. నెలన్నరకు వాడు నీళ్ళ చెంబు చూసి గోడకు అతుక్కుపోయి అరిచాడు.

చెయ్యి ఇవ్వవలసినప్పుడు ఇవ్వలేదు. మొన్న శుక్రవారం కూడా ఇవ్వలేదు. మసీదులో కూర్చుని చేతులు చాపి అల్లాను అడుగుతున్నాను, అక్క తన చెయ్యి పెట్టింది.

నవంబరు 5, గురువారం

తాగింది. తాగింది. తాగింది.

పొద్దున్నే గంగులయ్య వచ్చి నీళ్ళ గిన్నె చూసి, ఇది తోలు నానబెట్టే చట్టి గదన్నా అన్నాడు. నిజమే. మామూలు గిన్నె బీజాన్ తోమడానికి వేస్తే, చేతికందిన చట్టిలో పోశాను. ఏళ్ళ తరబడి తంగేడు చెక్క నానిన చట్టి. ఆ వగరు మనిషి నోట కూడా పెట్టలేడు. ఇరవై నాలుగు గంటలు చచ్చి బతికాను, నా చట్టి వల్ల. ఇత్తడి గిన్నెలో పోసి నేనే పట్టుకున్నాను. గటగటా తాగి, మిగిలినవి నా మీద చిమ్మింది. ఒళ్ళు కడుక్కోవాలని గుర్తు రాలేదు.

నవంబరు 6

జుమ్మాకు వెళ్ళాను. నమాజు అవగానే లేచి వచ్చేశాను. తాగింది.

నవంబరు 7

తాగింది. బీజాన్ గడప దాటి వచ్చి అన్నం ముద్ద దూరం నుంచి విసిరింది.

నవంబరు 8

తాగింది. రేపటితో పది. మేజరు దిగులుగా పడుకుంటే భయం, హుషారుగా గెంతితే భయం. చొంగ కారిస్తే చొంగ చూస్తూ కూర్చుంటున్నాను.

నవంబరు 9, సోమవారం

తాగింది.

డాక్టరు గారు చెయ్యి చూసి, పుండు మానుతోంది, కుక్క బాగుందిగా, ఇంక ఇంజక్షన్లు వద్దు పో అమ్మా అన్నారు. అక్క ఇంటికొచ్చి తిన్నగా పెరట్లోకి పోయి మేజరు పక్కన కూర్చుంది, కట్టు ఉన్న చెయ్యే దాని తల మీద వేసింది.

ఇప్పుడు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పనని తెలుసు. నిలబడే చెప్పాను. రహ్మాన్ చెయ్యి చాచాడక్కా, నేను బండి మీదున్నాను, ఇవ్వలేదు అని.

అక్క మేజరు చెవులు నిమురుతూనే ఉంది.

"నువ్వు బండి మీదుండావని నాకు తెలుసురా. తలుపు సందులోంచి చూస్తానే ఉండాను. నువ్వు చెయ్యి ఇవ్వకపోతే వాడు తలుపు దగ్గరికి వచ్చినాడు. గడియ పెట్టింది నేను."

వీధి తలుపు బార్లా తీసి ఉంది. పక్కింటి నుంచి మా మేక తిరిగొచ్చి లోపల నూకలు తింటోంది, బీజాన్ చూసి కూడా తోలలేదు. నేను పోయి అక్క పక్కన కూర్చున్నాను.

సాయంత్రం గంగులయ్య మేజరును తీసుకుపోవడానికి వస్తాడు. ఈ సామాను వదులు. కొత్తది కుట్టాలి. అక్క మేజరు తల పట్టుకుంది, నేను కొలతలు తీశాను. దారం రెండుసార్లు జారింది. మేజరు నిలబడింది.

మేజరు కొలతలు:

మెడ చుట్టు, ఇరవై అంగుళాలు.
ఎద అడ్డం, పదకొండున్నర.
పొట్ట చుట్టు, మోచేతుల వెనక, ఇరవై తొమ్మిది. ఒక వేలు సందు చాలు.
కాళ్ళ మధ్య, ఎద నుంచి పొట్టకు, పదమూడు.

నిలబడి ఉండగా, తిండికి ముందు, నా చేత్తో తీసినవి.